వంశధార ఒడ్డున వియత్నాం

ఎండలు ముదరకముందే పలాస, కవిటి, కంచిలి సంతల్లో లేత పనసకాయలు గుట్టలు పడతాయి. చేతికీ కత్తికీ నూనె రాసుకుని, చెక్కు తీసిన కాయ మీద టకటకా కొడుతుంటే పొట్టు రాలుతుంది. ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, చింతపండు గుజ్జు, ఘాటైన పోపు పడ్డాక చివర్లో ఆవ పెడితే పనసపొట్టు కూర. ఉత్తరాంధ్ర పెళ్లి భోజనంలో దాని కోసమే రెండోసారి విస్తరి ముందు కూర్చునేవాళ్లు ఉంటారు.

ఇదే కాయను, ఇదే లేతదనంలో, మధ్య వియత్నాంలోని హ్వే నగరంలోనూ కోస్తారు. అక్కడా ఉప్పునీళ్లలోనే ఉడికిస్తారు. దారులు వేరయ్యేది ఆ తర్వాతే. పొయ్యి ఆర్పేస్తారు. ఉడికిన పనసను పీచులుగా చీల్చి, రొయ్యలు, వేయించిన వేరుశనగ పలుకులు, నువ్వులు, పచ్చి ఆకులు కలిపి, పుల్లగా ఉప్పగా ఉండే చేపల రసం చిలకరిస్తారు. నిప్పుల మీద కాల్చిన బియ్యపు అప్పడాన్ని విరిచి, ఆ ముక్కతోనే తీసుకుని తింటారు. దాని పేరు మిత్ చోన్.

వియత్నాం ఇప్పుడు మూడు రకాల మోజులకు ఒకే చిరునామా అయింది. ఇల్లు సర్దుకునేవాళ్లు హోయ్ ఆన్ పట్టణపు పట్టు లాంతర్ల ఫొటోలు దాచుకుంటున్నారు. వంట మీద ఇష్టమున్నవాళ్లు ఫో అనే నూడుల్స్ పులుసు, పచ్చి ఆకుల చుట్టలు నేర్చుకుంటున్నారు. సెలవుల్లో ఎక్కడికి వెళ్దామన్న మాట వస్తే థాయ్‌లాండ్ పక్కన ఆ పేరూ వినిపిస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు మాత్రం ఆ ఫొటోల ముందు ఇంకాస్త సేపు ఆగాలి. వాటిలో కనిపించే సరుకులో సగానికి పైగా వాళ్ల పెరట్లోనో, పక్క ఊరి సంతలోనో ఉన్నదే. వరి, పనస, జీడి, వెదురు, కంచు, నెత్తళ్లు రెండు చోట్లా ఉన్నాయి. వాటితో చేసే పనే వేరు. వియత్నాం నుంచి తెచ్చుకోదగ్గది కూడా ఆ పనితనమే, వస్తువులు కాదు.

పనస మాటే ముందు ముగిద్దాం. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు తరతరాలుగా పనస మానునే వీణగా మలుస్తున్నారు. ఒకే దుంగను తొలిచి చేసే ఏకండి వీణకు పనస తప్ప మరో కర్ర వాళ్లకు ఆనదు. తేలిక, నాదం, చెద పట్టని గుణం మూడూ దానిలో ఉన్నాయి. వియత్నాంలోనూ పనస కర్రకు పూజ గదిలో చోటుంది. బుద్ధ విగ్రహాలు, ఇంట్లో పూర్వీకుల కోసం పెట్టుకునే పీఠాలు ఆ పసుపుపచ్చ కర్రతోనే చెక్కుతారు. గొల్లపల్లిలో బహుమతుల కోసం చేసే జానెడు వీణలు ఇప్పుడు చాలా ఇళ్ల అద్దాల బీరువాల్లో ఉన్నాయి. నిజానికి వాటిని బీరువాలో బంధించకుండా, కిటికీ వెలుతురు పడే చోట ఒంటరిగా పెట్టాలి. కర్ర రంగు ఏళ్ల తరబడి ముదురుతూ రావడం అప్పుడే కనిపిస్తుంది.

ఎండితే ఒకటి, ఊరితే ఒకటి

శ్రీకాకుళం జిల్లాకు 190 కిలోమీటర్లకు పైగా తీరం ఉంది. విజయనగరానికి పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో 30 కిలోమీటర్ల లోపే. వల ఒడ్డుకు చేరాక నెత్తళ్లలో కొన్ని ఆ పూట కూరకు పోగా మిగిలినవి ఇసుక మీదో, వలల మీదో ఎండుతాయి. వానాకాలం గంజితో పాటు, వంకాయతో పాటు ఆ ఎండు నెత్తళ్లే ఆదుకుంటాయి.

వియత్నాం వాళ్లు ఇదే జాతి చేపను ఊరబెడతారు. మూడు పాళ్ల నెత్తళ్లకు ఒక పాలు ఉప్పు కలిపి, మనిషి కంటే ఎత్తయిన చెక్క తొట్లలో బరువు పెట్టి ఏడాది పాటు వదిలేస్తారు. అడుగున ఉన్న కన్నం నుంచి తేనె రంగులో కారే ద్రవమే నుక్ మామ్. ఫూ క్వోక్ దీవిలో తయారైన దానికి 2012లో యూరోపియన్ యూనియన్ ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. సీసా మూత తీస్తే వచ్చే వాసన ఎండు చేపల బజారును గుర్తుచేస్తుంది. అందుకే ఈ తీరంలో పెరిగినవాళ్లు దానికి ముఖం చిట్లించరు.

ఒక చెంచా నుక్ మామ్, ఒక చెంచా నిమ్మరసం, ఒక చెంచా పంచదార, నాలుగు చెంచాల నీళ్లు. దంచిన వెల్లుల్లి, తరిగిన పచ్చిమిర్చి. వియత్నాం భోజనం బల్ల మీద ఈ గిన్నె ఉండని పూట ఉండదు. ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లు మొదట ఇది నేర్చుకుంటే చాలు. దీన్ని పనసపొట్టుకు కలపొచ్చు, కీరా ముక్కల మీద పోయొచ్చు. ఒక్క మాట: నుక్ మామ్‌లో ఉప్పు దండిగా ఉంటుంది. కిడ్నీ జబ్బులు వెంటాడుతున్న ఉద్దానంలో, రక్తపోటు ఉన్న ఇళ్లలో చెంచాతో కొలిచి వాడాల్సిన వస్తువే తప్ప సీసాతో వంచాల్సింది కాదు. చేప తిననివాళ్లు సోయా సాస్‌తో అదే పుల్లటి రసం చేసుకుంటారు. వియత్నాంలోనూ బౌద్ధ ఉపవాస రోజుల్లో అలాగే చేస్తారు.

ఫోతో మొదలుపెట్టడం మాత్రం తొందరపాటు. గంటల తరబడి ఎముకలు మరిగించి, కాల్చిన అల్లం, ఉల్లి, దాల్చిన చెక్క, అనాస పువ్వు వేసి తీసే ఆ చారు ఒక రోజంతా తినేస్తుంది. ఉదయాన్నే చోడి అంబలి తాగే ఊళ్లో ఉదయాన్నే ఫో తాగే అలవాటును ఇరికించాల్సిన పనీ లేదు. అన్నట్టు మన బిర్యానీలో పడే అనాస పువ్వులో పెద్ద భాగం ఉత్తర వియత్నాం కొండల నుంచే వస్తుంది. పేరు తెలియకుండానే ఆ దేశం మన పోపుల డబ్బాలో ఎప్పుడో చేరింది.

ఉత్తరాంధ్ర నాలుకకు వెంటనే నచ్చే వంటకం వేరే ఉంది. మెకాంగ్ డెల్టా వాళ్లు చేసుకునే కాన్ చువా. కొరమీను, చింతపండు, అనాస, టమాటా, బెండకాయ, చేమ కాడల్లాంటి కాడలు. ఈ పట్టికలో శ్రీకాకుళం సంతలో దొరకనిది ఒక్కటీ లేదు. అనాసకైతే సీతంపేట ఏజెన్సీని మించిన చిరునామా అక్కర్లేదు. ఆపైన ఆ పులుసులో పంచదార వేస్తారు. పులుసులో బెల్లం ముక్క వేయడం మీద మిగతా ఆంధ్ర వాళ్ల ఎగతాళిని తరాలుగా భరిస్తున్న ఉత్తరాంధ్రకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

చేసే తీరులోనే తేడా. మన చేపల పులుసు నూనెలో ఉల్లి వేగడంతో మొదలై, మసాలా దట్టించి, దగ్గరపడేదాకా మరిగి, మర్నాటికి ఇంకా రుచి తేలుతుంది. కాన్ చువా పలచటి చారు. చింతపండు నీళ్లు తెర్లుతుండగా అనాస ముక్కలు, తర్వాత చేప, చేప ఉడికీ ఉడకగానే బెండ, టమాటా, చేమ కాడలు. నాలుగు నిమిషాల్లో దించేయాలి. పైన వేయించిన వెల్లుల్లి, గుప్పెడు పచ్చి ఆకులు. చేమ కాడలు నాలుక దురద పెట్టే రకమైతే ముందు ఉప్పుతో పిసికి, విడిగా ఉడికించి వార్చుకోవాలి. ఇది అప్పటికప్పుడు తాగేది, రేపటికి దాచేది కాదు. మే నెల ఉక్కలో పొయ్యి ముందు అరగంట తగ్గడం చిన్న లాభమేమీ కాదు.

ఆకుల పళ్లెం గురించి చెప్పకపోతే ఈ వంట గురించి చెప్పనట్టే. కొత్తిమీర, పుదీనా మనకు పైన చల్లుకునే అలంకారాలు. అక్కడ అవి కూరతో సమానం. ప్రతి భోజనంతోనూ పళ్లెం నిండా పచ్చి ఆకులు వస్తాయి. తులసి జాతిలో అక్కడ వాడే రకానికి మన సబ్జా గింజలు నాటితే మొలిచే మొక్క బాగా దగ్గర. పెరట్లో ఒక కుండీ సబ్జా, ఒక కుండీ పుదీనా, ఒక దుబ్బు నిమ్మగడ్డి ఉంటే పళ్లెం సిద్ధం. నీళ్లలో ముంచి తీస్తే మెత్తబడే బియ్యపు రేకుల్లో ఆ ఆకులు, ఉడికించిన రొయ్యలు, బియ్యం సేమియా పెట్టి చుట్టుకుంటే గోయ్ కువాన్. రుబ్బిన బియ్యప్పిండిని వాసెన గుడ్డ మీద పలచగా పరిచి, ఆవిరికి ఉడికించి, తడకల మీద ఎండబెడితే ఆ రేకు తయారవుతుంది. ఆత్రేయపురం పూతరేకును బోర్లించిన కుండ మీద తీయడం చూసినవాళ్లకు కొత్తేమీ అనిపించదు.

ఇక జీడిపప్పు. ఇక్కడ చుట్టరికం పక్కనపెట్టి పోటీ మాట్లాడుకోవాలి. పలాస, కాశీబుగ్గల్లో కాల్చడం, కొట్టడం, పొర తీయడం, పరిమాణాన్ని బట్టి ఏరడం మహిళల చేతుల మీదుగా సాగే పరిశ్రమ. వియత్నాం ఈ పనిని యంత్రాలకు అప్పజెప్పి, ఆఫ్రికా నుంచీ కంబోడియా నుంచీ పిక్కలు తెప్పించుకుని, 2006 నుంచి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ జీడిపప్పు ఎగుమతి చేసే దేశంగా నిలిచింది. పలాసకు కూడా సొంత తోటల పిక్క చాలదు, బయటి నుంచి రావాల్సిందే. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, పనస, కొబ్బరి చెట్లను కూకటివేళ్లతో పెకలించాక ఆ లోటు ఇంకా పెరిగింది. వియత్నాం వాళ్లది ఒక పద్ధతి మాత్రం ఇక్కడ ఎవరైనా ప్రయత్నించొచ్చు. పొర తీయకుండానే ఉప్పుతో వేయించి అమ్ముతారు. తినేవాళ్లే వేళ్లతో నలుపుకుని పొర ఊదేస్తారు. పప్పు కరకర ఎక్కువ రోజులు నిలుస్తుంది.

గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు

హనోయ్ పాత బస్తీలో ఇళ్ల ముఖాలు మహా అయితే మూడు నాలుగు గజాలు. లోపలికి వెళ్తే గొట్టంలా సాగుతూనే ఉంటాయి. పత్రికల్లో వాటిని వింతగా చూపిస్తారు. శ్రీకాకుళం పల్లెల్లో పుట్టినవాళ్లకు అందులో వింత ఏముంది? వీధికి రెండు వైపులా గోడకు గోడ ఆనుకుని వరసగా పెంకుటిళ్లు, ముందు అరుగు, తర్వాత నడవ, ఒకదాని వెనక ఒకటిగా గదులు, చివర పెరడు. ఇచ్ఛాపురం అవతల గంజాం జిల్లా దాకా ఊళ్లు ఇలాగే ఉంటాయి.

ఈ ఇళ్లతో వచ్చే చిక్కు ఒక్కటే, నడిమి గదుల్లో చీకటి. మనవాళ్లు పగలే ట్యూబులైటు వేసి సరిపెట్టుకుంటున్నారు. కొత్తగా కట్టేటప్పుడు ఉన్న స్థలమంతా స్లాబుతో కప్పేస్తున్నారు. హనోయ్, హోయ్ ఆన్ ఇళ్లలో మధ్యలో నాలుగడుగులైనా ఆకాశానికి వదులుతారు. అక్కడ వాన పడుతుంది, ఎండ పడుతుంది, రెండు కుండీలు పెరుగుతాయి, గాలి పైకి పోతుంది. మన మండువా ఇళ్లు చేసిన పనే. ఇల్లు మార్చుకోవాలన్న సరదా ఉన్నవాళ్లు సోఫాకు పెట్టే ఖర్చును ముందు ఈ నాలుగడుగుల మీద పెట్టడం మేలు.

లాంతరు సంగతి సులువు. హోయ్ ఆన్ లాంతరంటే వెదురు పుల్లల చట్రం, దాని మీద బిగించిన పట్టు. ఇక్కడ మేదర వాళ్లు చేటలు, బుట్టలు అల్లే చేత్తోనే గుండ్రటి చట్రం అల్లగలరు. పైన బిగించడానికి పొందూరు ఖద్దరు ముక్క ఉంటే పట్టు ఎందుకూ! పొందూరు సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య పత్తి గింజకు అంటుకున్న నలుసంతా పోతుంది. తర్వాత చేత్తోనే ఏకి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. అలా వచ్చిన నూలు నూరో నంబరు దాకా సన్నగా ఉంటుంది. దీపం వెనక పెడితే ఆ నేతలోని ప్రతి పోగూ కనిపిస్తుంది. అంత కష్టపడి నేసిన పంచెను కర్టెన్‌గా కత్తిరించడం మాత్రం పాపమే. కర్టెన్లకు ముతక ఖద్దరు చాలు. సన్నదాన్ని పాతబడ్డాకే లాంతరుకు వాడాలి.

సారవకోట మండలం బూడితిలో కంచు, ఇత్తడి కొట్టే ఇళ్లున్నాయి. బిందెలు, గంగాళాలు, చెంబులు ఒకప్పటి సరుకు. వంటింట్లోకి స్టీలు వచ్చాక అవి పూలకుండీలుగా, గోడ అలంకారాలుగా రూపు మార్చుకున్నాయి. బూడితి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హోయ్ ఆన్ దగ్గర ఫువక్ కియూ అనే ఊరిదీ కంచు పోత పనే. ఆ ఊరి గంటలు, తాళాలు గుళ్లకు వెళ్తాయి. బూడితి చెంబు కొన్నవాళ్లు దానికి లక్కర్ పూత వేయించకుండా, నెలకోసారి చింతపండుతో తోముకోవడమే మంచిది. మెరుపు తగ్గుతూ పెరుగుతూ ఉండటమే ఆ లోహానికి అందం.

పక్కనే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మల మీద లక్క పూస్తారు. పురుగు ఇచ్చే ఆ లక్కను చక్రం మీద తిరిగే కర్రకు అదిమితే, రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. వియత్నాం లక్కర్ చెట్టు పాలు. పొర మీద పొర వేసి, తేమ గదిలో ఆరబెట్టి, నీళ్లతో అరగదీస్తారు. 1925లో హనోయ్‌లో మొదలైన ఇండోచైనా ఫైన్ ఆర్ట్స్ కళాశాల విద్యార్థులు గుడి సామాను మీది ఆ పనిని చిత్రకళగా మార్చారు. గుడ్డు పెంకు ముక్కలతో తెల్లదనం తీసుకురావడం ఆ పద్ధతిలోదే.

గోడకు బొమ్మ కావాలంటే సవర గిరిజనుల ఇడితాల్ ఉంది. జాజు పూసిన ఎర్ర గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో గీసిన మనుషులు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. ఇప్పుడవి గుడ్డ మీదా కాగితం మీదా దొరుకుతున్నాయి. డ్రాయింగ్ రూమ్‌లో తగిలించే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. అది అలంకారం కోసం పుట్టలేదు. చనిపోయిన పెద్దలకు, దేవతలకు ఇంట్లో చోటివ్వడానికి పూజారి గీసేది. కొనేదేదో సీతంపేట వైపు సవర చిత్రకారుల దగ్గరే కొంటే ఆ బొమ్మలో ఏముందో వాళ్లే విడమరిచి చెబుతారు.

సవర భాష చెప్పే చుట్టరికం

రెండు తీరాల పోలికలన్నీ వానలూ వరీ తెచ్చిన కాకతాళీయాలే అనుకోవడానికి వీల్లేకుండా చేసేది సవర భాష. తెలుగు, ఒరియా మాట్లాడేవాళ్ల మధ్య బతుకుతున్నా ఆ భాష ద్రావిడమూ కాదు, ఆర్యమూ కాదు. ముండా శాఖకు చెందింది. 1906లో విల్‌హెల్మ్ ష్మిట్ అనే పండితుడు ముండా భాషలనూ ఆగ్నేయాసియాలోని మోన్, ఖ్మేర్ భాషలనూ ఒకే కుటుంబంగా చూపించి ఆస్ట్రో-ఏషియాటిక్ అని పేరు పెట్టాడు. వియత్నామీస్ కూడా అందులోదే. అంటే సీతంపేట కొండల మీద వినిపించే మాటకు హనోయ్ మాట దూరపు బంధువు. ముండా భాషల పూర్వీకులు సముద్రం మీదుగా ఒడిశా తీరానికి చేరి ఉంటారన్న వాదన కూడా ఇటీవల భాషా శాస్త్రజ్ఞుల్లో నడుస్తోంది.

ఆ సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసింది వంశధార ఒడ్డు మనిషే. గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ముఖలింగం గుడి శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించాలని పట్టుబట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. వాడుక భాష ఉద్యమం ముందు ఈ పని చాలామందికి కనిపించదు. శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా ఆయనే.

ముఖలింగం నుంచి మీ సన్ దాకా

కాబట్టి ప్రయాణం శాలిహుండం నుంచే మొదలుపెట్టొచ్చు. గార మండలంలో వంశధార పక్కన కొండ. మెట్లెక్కితే స్తూపాలు, చైత్యాల పునాదులు. తవ్వకాల్లో దొరికిన తార, మారీచి విగ్రహాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఆ దగ్గర్లోనే నది సముద్రంలో కలిసే కళింగపట్నం, 1876 నాటి దీపస్తంభం. పడవలు తూర్పు దిక్కుకు సాగిన పాత రేవు ఇది. అక్కడి నుంచి నదికి ఎదురు వెళ్తే జలుమూరు మండలంలో శ్రీముఖలింగం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఇప్ప చెట్టులో శివుడు ముఖంతో కనిపించాడన్నది స్థలపురాణం. సోమేశ్వరాలయం చిన్నది, ఊరి మొదట్లోనే ఉంటుంది. భక్తుల హడావుడి ఉండదు కాబట్టి గోడల మీది శిల్పాన్ని తీరిగ్గా చూడాలంటే ముందు అక్కడే ఆగాలి.

మధ్య వియత్నాంలో దీనికి జోడీ మీ సన్. అక్కడి చంపా రాజ్యపు రాజు భద్రవర్మ నాలుగో శతాబ్దంలో మీ సన్‌లో భద్రేశ్వరుడనే శివలింగాన్ని ప్రతిష్ఠించాడు. పదమూడో శతాబ్దం దాకా చంపా ప్రజలైన చాములు కడుతూ వచ్చిన ఇటుక గుళ్ల లోయ అది. కళింగులు వెళ్లి కట్టారని ఛాతీ విరుచుకోనక్కర్లేదు. దేవుడూ సంస్కృతమూ ఇక్కడివి, పనితనం చాములది. ముఖలింగంలో రాయి మాట్లాడితే అక్కడ ఇటుక మాట్లాడుతుంది. సున్నం పూత కంటికి ఆనకుండా ఇటుకలు ఎలా అతికించారన్నది ఇప్పటికీ చర్చే. 1969లో అమెరికా బాంబు దాడిలో అన్నిటికంటే పెద్ద గోపురం కూలిపోయింది. 1999లో మీ సన్ యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 2012లో అక్కడొక ముఖలింగం బయటపడింది. లింగం మీద చెక్కిన శివుడి ముఖం స్పష్టంగా ఉన్న ఆ రాతిని వియత్నాం జాతీయ సంపదగా ప్రకటించింది. మన పురావస్తు శాఖ నిపుణులు 2017 నుంచి అక్కడ మరమ్మతులు చేస్తూ, 2020 మే నెలలో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగాన్ని మట్టిలోంచి తీశారు.

వెళ్లడం ఒకప్పటంత కష్టం కాదు. 2023 ఆగస్టు 15 నుంచి వియత్నాం 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది, ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. 2025లో హైదరాబాద్ నుంచి ఆ దేశానికి నేరుగా విమానాలు మొదలయ్యాయి. చివరికి చేరాల్సింది మాత్రం దనాంగ్‌కు. అక్కడ నది పక్కన చామ్ శిల్పాల మ్యూజియం ఉంది. ముందు దాన్ని చూసి వెళ్తే మీ సన్‌లో ఖాళీగా ఉన్న గూళ్లలో ఏ విగ్రహం ఉండేదో తెలుస్తుంది. దనాంగ్ నుంచి మీ సన్ సుమారు 70 కిలోమీటర్లు, హోయ్ ఆన్ నుంచి 40. హోయ్ ఆన్‌లో బస చేసి తెల్లారకముందే బయలుదేరితే ఎండకూ గుంపులకూ ముందే లోయలో ఉండొచ్చు. చాంద్రమానంలో పద్నాలుగో రాత్రి, అంటే పున్నమి ముందు రోజు, ఆ ఊళ్లో విద్యుత్ దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారు, నదిలో దీపాలు వదులుతారు. పోలి పాడ్యమి నాడు అరటి దొప్పల్లో దీపాలు వదిలే అలవాటున్నవాళ్లు తేదీలు దానికి సరిచూసుకుని టికెట్టు కొనుక్కోవచ్చు.

అక్టోబరు, నవంబరు నెలలు మాత్రం వద్దు. బంగాళాఖాతంలో తుపాన్లు లేచే రోజుల్లోనే దక్షిణ చైనా సముద్రంలోనూ లేస్తాయి. థు బోన్ నది పొంగి హోయ్ ఆన్ వీధుల్లో పడవలు తిరుగుతాయి. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లాల వాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వాన తక్కువ, ఎండ తట్టుకోగలిగేంత. శాలిహుండం, ముఖలింగాలకైతే డిసెంబరు, జనవరి. తెల్లవారుజామున శ్రీకాకుళంలో బయలుదేరితే సాయంత్రానికి బూడితి కూడా చూసి తిరిగి రావొచ్చు.